జిడ్డు గీత

మా ఇంట్లో స్విమ్మింగ్ పూల్ ఉందని తెలియగానే ఎదుటివాళ్ళ మొహాలు మారిపోతాయి. అబ్బో, బాగా ఉన్నవాళ్ళే అనుకుంటారు. అయ్యా, మేమేం ముచ్చటపడి కట్టించుకోలేదు. మా అన్నయ్య టైర్ల షాపు నడుపుతాడు. చవగ్గా వస్తోందని పాత ఇల్లు కొన్నాడు. పెరట్లో అది ఉంది. ఇంటితో పాటు బీరువా వచ్చింది, విరిగిన నిచ్చెన వచ్చింది, పూల్ వచ్చింది. బీరువా తలుపు తెరుచుకోదు, నిచ్చెన ఎక్కడానికి పనికిరాదు, పూల్ మాత్రం రోజూ నా ప్రాణం తీస్తుంది.

మొదటిరోజే మా అమ్మ వెనక గుమ్మంలో నిలబడి దాన్ని చూసి, "ఈ గుంట పూడ్చేదాకా నేను పెరట్లో కాలు పెట్టనురా" అంది. మా అమ్మ ఒక మాట అందంటే అది రాతి మీద గీతే. అప్పట్నుంచీ వెనక గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, మోకాళ్ళు పట్టుకుని, ఆ గుంటను తిట్టుకుంటూ కూర్చుంటుంది.

పూడ్చనివ్వనిది మా వదిన. కాలువ గట్టున పుట్టి పెరిగిన మనిషి. నడక కంటే ఈత ముందొచ్చిందని వాళ్ళ నాన్న అనేవాడట. ఇంట్లో ఆమె ఉన్నట్టే ఉండదు. మేమంతా ఒకళ్ళ మీద ఒకళ్ళం అరుచుకుంటుంటే ఆమె కంచాలు తీసి, బల్ల తుడిచి, దీపాలార్పి వెళ్ళిపోతుంది. పెళ్ళయిన కొత్తలో ఆమెకు మాటలు రావేమోనని పక్కింటావిడ నన్ను రహస్యంగా అడిగింది కూడా. అలాంటి మనిషి నీళ్ళలోకి దిగితే చాలు, వీధి చివరికి వినపడేలా అరుస్తుంది. "గాలి వదులు! మెడ ఎత్తకు! కాళ్ళు, కాళ్ళు!" ఒకసారి షాపు నుంచి భోజనానికి వచ్చిన అన్నయ్య ఆ అరుపు విని, తెలియకుండానే నిటారుగా కూర్చుని అన్నం తిన్నాడు.

ఆమె దగ్గర ఈత నేర్చుకునేవాళ్ళంతా ఆడవాళ్ళే. వీధి మొదట్లో దర్జీ ఉంది, బస్సులో కండక్టరు ఉంది, బేకరీలో పనిచేసే అక్కచెల్లెళ్ళిద్దరున్నారు. మధ్యాహ్నం పూట ఒక్కొక్కరే వెనక గేటు తోసుకుని వస్తారు. వాళ్ళు రాగానే మా వదిన మొహం చూడాలి. ఇంట్లో మేమెవ్వరం ఆమె మొహంలో ఆ వెలుగు తెప్పించలేదు, ఇది ఒప్పుకోక తప్పదు.

ఇందులో నా పాత్ర ఏమిటంటారా? నేను మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తాను. ఆ ఒక్క పాపానికి పూల్ నా నెత్తిన పడింది. "పూల్‌లో వేసేదీ మందే కదా, నీకు తెలుసుగా!" అన్నాడు అన్నయ్య. దగ్గు మందుకీ క్లోరిన్‌కీ తేడా లేదు ఆయనకి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేనూ ఊరుకోవచ్చు. ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? నీళ్ళు పచ్చబడితే అది పాచి అనీ, గోడలన్నీ బ్రష్షుతో రుద్ది, పొద్దు వాలాక మందు గట్టిగా వేసి, మోటారు తెల్లవార్లూ నడపాలనీ నేర్చుకున్నాను. ఎండ ఉండగా వేస్తే సగం మందు ఎండే తినేస్తుంది. మోటారు గుర్రుమంటే నీళ్ళు తగ్గి గాలి పీలుస్తోందనీ, పైపు పెట్టి నింపితే నోరు మూసుకుంటుందనీ నేర్చుకున్నాను. ఇవన్నీ నాకెందుకమ్మా అనుకుంటూనే నేర్చుకున్నాను.

కానీ ఈసారి వచ్చిన రోగం వేరు. నీళ్ళు పచ్చగా లేవు. బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా, మసకగా ఉన్నాయి. క్లోరిన్ వాసన ముక్కు పగలగొడుతోంది. దర్జీ కళ్ళు చింతనిప్పులై ఇంటికి పోయింది. లోతు వైపు అడుగున నీళ్ళు పోయే జాలీ ఒకటి ఉంటుంది. అది కనపడటం మానేసింది.

అన్నయ్య గట్టు మీద నిలబడి చూశాడు. లోపలికొచ్చి తీర్పు చెప్పాడు.

"ఆదివారం మేస్త్రీని రమ్మన్నాను. ఆ లోపు అడుగున జాలీ కనపడితే సరే. లేదంటే కొలతలు తీయించి పూడ్పించేస్తా. ఇంక నాతో వాదించకండి."

"అంత కొంపలేం మునిగాయి ఇప్పుడు?" అన్నాను.

"అడుగు కనపడని నీళ్ళలో ఎవరైనా మునిగిపోతే పైనున్నవాళ్ళకి తెలుస్తుందటే? రేపు ఏదైనా అయితే మన మొహం ఎక్కడ పెట్టుకుంటాం?"

ఆయన మాటల్లో న్యాయం ఉంది. అందుకే నాకు ఇంకా మండింది. వదిన కడుగుతున్న గిన్నె చేతిలోనే ఆగిపోయింది. "వాళ్ళను ఆదివారం దాకా రావద్దని చెప్తానండీ" అని మాత్రం అంది.

సాయంత్రం బట్టలు మడతపెడుతూ నా పక్కన కూర్చుంది. "దర్జీ ఈ వారమే గోడ వదిలింది, అమ్మాయ్. ఇప్పుడు ఆపితే మళ్ళీ రాదు." ఒక తువ్వాలు చేతిలోకి తీసుకుని, "ఎలాగైనా బాగుచెయ్యి. అది పోతే ఈ ఇంట్లో నాదంటూ ఇంకేం ఉండదు" అంది. ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. కళ్ళు బట్టల మీదే పెట్టి, "సర్లే, ఆ తువ్వాలు సరిగ్గా మడత పెట్టు" అని కసిరాను.

మర్నాడు చూస్తే మందు డబ్బా లేదు. ఇల్లంతా వెతికాను. చివరికి తేలిందేమిటంటే, వాసన కొడుతోందంటే మందు ఎక్కువైనట్టేనని అన్నయ్య దాన్ని తీసుకెళ్ళి షాపులో టైర్ల వెనక దాచాడు. అదీ ఎప్పుడో పోయిన వారమే! ఇది చాలదన్నట్టు, అమ్మ వంటింటి కిటికీలోంచి పటిక ముక్కలు విసిరింది. "మా చిన్నప్పుడు బిందెలో పటిక తిప్పితే మురికంతా అడుక్కి దిగేదే" అంది. దిగుతుంది, బిందెలో మోటారు తిరగదు కాబట్టి. ఇక్కడ మోటారు నడుస్తోంది. ఆ మడ్డి సగం అడుగున చేరింది, సగం పోయి ఫిల్టరులో కూర్చుంది. తిలా పాపం తలా పిడికెడు. అందరూ తలా ఒక చెయ్యి వేసి, చివరికి నన్నే అడగడం, "ఏమే, ఇంకా బాగవలేదా?" అని.

"అన్నట్టు నొప్పుల నూనె అయిపోయిందే. ఇంకో సీసా పట్రా" అంది అమ్మ అదే నోటితో.

"మొన్ననే కదమ్మా తెచ్చాను! తాగుతున్నావా ఏంటి?"

"ముసలిదాని నొప్పులు నీకు ఎకసెక్కంగా ఉన్నాయా?" అంది. సరే, తెస్తానన్నాను.

నీళ్ళలో మందు ఎంతుందో చూసే కాగితప్పట్టీలు ఉంటాయి. ఒకటి ముంచాను. మందు ఉంటే గడి ఊదారంగుకి తిరగాలి. తెల్లగా నా మొహంలోకి చూసింది. మందు ఎక్కువవడం కాదు, అసలు లేనే లేదు! పట్టీ తీసుకెళ్ళి అన్నయ్య ముందు పెట్టాను.

"మరి ఆ వాసన దేనిదే?"

"మురికితో కొట్లాడి చచ్చిన మందుది. వాసన వచ్చినప్పుడు ఇంకా వెయ్యాలి. నువ్వేమో డబ్బా దాచావు."

"చచ్చిన మందు ఏంటే? మందు చావడమేంటి?"

"నీ బుర్ర!" అని డబ్బా లాక్కొచ్చాను.

అంత మందును తినేస్తున్న మురికి ఏమిటి? గట్టు మీద బోర్లా పడుకుని నీటి అంచున ఉన్న పలకల మీద వేలితో రాశాను. సర్రున జారింది. పూల్ చుట్టూ, నీటి మట్టం దగ్గర, గోధుమరంగు గీత ఉంది. జిడ్డు. ఫిల్టరు విప్పి లోపలి మడతల గొట్టం బయటికి తీశాను. నీళ్ళు పోస్తే తడవకుండా చామాకు మీద పోసినట్టు జారిపోయాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మా ఇంట్లో ప్రతి దిండు గలీబూ కొట్టే వాసన. వదిన తలనూనె.

అప్పుడు వెలిగింది. వెనక గేటు పక్కన గోడ మీద పెద్ద నూనె సీసా ఎప్పుడూ ఉంటుంది. వచ్చినవాళ్ళందరికీ వదిన తన చేత్తోనే దోసిలి నిండా తలకు మర్దించి మరీ నీళ్ళలో దింపుతుంది. క్లోరిన్‌కి జుట్టు పాడవకూడదట. ఆ నూనె నీళ్ళలో తేలుతుంది, మందంతా దాన్ని తినడానికే సరిపోతుంది, చచ్చిన మందు వాసన కొడుతుంది. వాసన కొడుతోందంటే మందు ఎక్కువైందనుకుని, జుట్టు కోసం ఇంకో దోసిలి నూనె! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది వరస.

"వదినా!" అని నేను అరిచిన అరుపుకి పక్కింటి కుక్క మొరిగింది.

సంగతంతా చెప్పాను. విన్నది. ఎప్పట్లా తలొంచుకుని పోతుందనుకున్నాను. పోలేదు.

"నూనె మానమంటే వాళ్ళు మానేది నూనె కాదు, ఈత" అంది.

"అంత జుట్టు పిచ్చేంటి?"

"పిచ్చి కాదు. దర్జీ బొత్తాలు కొనడానికని చెప్పి వస్తుంది. కండక్టరు డ్యూటీ ఎక్కువైందని చెప్తుంది. ఇంట్లో తెలిస్తే రానివ్వరు. కళ్ళు ఎర్రబడితే దుమ్ము పడిందని చెప్పొచ్చు. జుట్టు పీచులా అయితే ఏం చెప్తారు? జుట్టే పట్టిస్తుంది వాళ్ళని. అందుకే నూనె."

చిక్కు విప్పకుండా వదలడం నాకు అస్సలు నచ్చదు. మర్నాడు షాపులో మాత్రలు కత్తిరిస్తున్నంతసేపూ అదే ఆలోచన. జుట్టు ఎండుగా ఉంటే పూల్ నీళ్ళు పీల్చుకుంటుంది. ముందే మంచినీళ్ళు పీల్చుకుని నిండి ఉంటే? ఇంక కొత్త నీళ్ళు దూరడానికి చోటెక్కడిది? భోజనం చేసి వచ్చినవాడి ముందు పళ్ళెం పెడితే ఎంత తింటాడు? అంతే కదా! ఇంటికి పరుగెత్తుకొచ్చాను.

"వదినా, నూనె మానొద్దు. ముందు కాదు, తర్వాత. దిగేముందు కుళాయి కింద తల బాగా తడపమను, పైన టోపీ బిగించమను. బయటికొచ్చాక సబ్బుతో కడుక్కుని, అప్పుడు నీ ఇష్టం, సీసా మొత్తం గుమ్మరించు. నూనె తలతోనే ఇంటికి పోతారు, ఎవడికీ అనుమానం రాదు."

వదిన నన్ను చూసి నవ్వింది. "నువ్వు అరవకుండా చెప్పినా నాకు అర్థమయ్యేది, అమ్మాయ్" అంది.

బుధవారమంతా నా నడుం విరిగింది. వంటసోడా, స్పాంజి పట్టుకుని పూల్ చుట్టూ పాకుతూ ఆ గీతను తోమాను. జిడ్డు వదిలించే పొడి కలిపిన నీళ్ళలో ఫిల్టరును నానబెట్టి, మడత మడతా కడిగాను. అడుగున చేరిన పటిక మడ్డిని పైపుతో లాగి బయట పారబోశాను. నీళ్ళను లోపలికి పీల్చే కంత దగ్గర పాత టెన్నిస్ బంతులు వేశాను. వాటి నూగు తేలే నూనెను పట్టుకుంటుంది. అది చూసి అమ్మ, "పిచ్చి ముదిరింది, బంతులాట మొదలుపెట్టింది" అంది. పొద్దు వాలాక మందు దండిగా వేశాను.

గురువారానికి వాసన పోయింది. నీళ్ళు విచ్చుకుంటున్నాయి. నా వీపు నేనే తట్టుకున్నాను.

శుక్రవారం పొద్దున్న చూస్తే మళ్ళీ గీత! అంతటా కాదు, మెట్ల వైపు మాత్రమే. అక్కడ నీళ్ళు మళ్ళీ మసకేశాయి. నా తల ప్రాణం తోకకొచ్చింది. పూల్ మూసి ఉంది, ఎవ్వరూ రావడం లేదు. మరి నూనె ఆకాశం నుంచి కారిందా?

"వదినా, దర్జీని దొంగతనంగా దింపావు కదూ?"

"లేదు."

"మరి?"

తీగ మీద బట్టలు ఆరేస్తున్న వదిన ఒక్క క్షణం ఆగింది. "నేనే దిగాను. క్షమించు" అంది.

"నీ కోసమే కదా నేను చస్తోంది! ఇంకో రెండ్రోజులు ఆగలేవా? నీకు అక్కర్లేనిది నాకెందుకు?" ఇంకా చాలా అన్నాను, అన్నీ రాయను. ఆమె మాత్రం బట్టలు ఆరేస్తూనే ఉంది. మా నాన్నగారి పాత పొడుగు చేతుల చొక్కా ఒకటి తడిగా ఉంటే దులిపి తీగ మీద వేసింది. అది కొన్నాళ్ళుగా రోజూ తీగ మీదే ఉంటోంది. తుడుపు గుడ్డగా వాడుతోందనుకున్నాను.

కోపంతో వెళ్ళి మళ్ళీ తోమడం మొదలుపెట్టాను. మెట్ల పక్కన పట్టుకుని దిగడానికి స్టీలు కడ్డీ ఉంది. అది పట్టుకోగానే చెయ్యి జారింది. కడ్డీ నిండా జిడ్డు. వదినకి కడ్డీతో పనేముంది? ఆమె గట్టు మీంచి చేపలా దూకే మనిషి. చెయ్యి వాసన చూశాను. తలనూనె కాదు. కళ్ళలో నీళ్ళు తెప్పించే ఘాటు. రోజూ నా కౌంటరు దగ్గర మోకాళ్ళు పట్టుకుని నిలబడేవాళ్ళందరి మీదా వచ్చే వాసన. నొప్పుల నూనె.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. శనివారం తెలతెలవారుతుండగా నేను వెనక గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను.

మా అమ్మ నీళ్ళలో ఉంది. ఒంటి మీద నాన్నగారి చొక్కా. నడుం లోతులో, వదిన చెయ్యి పట్టుకుని, ఆ గోడ నుంచి ఈ గోడకు నడుస్తోంది. కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరం చెరో రెక్కా పట్టుకోవాల్సిన మా అమ్మ! వదిన ఏదో అంది. అమ్మ నవ్వింది. నాన్న పోయాక ఆమె అలా నవ్వగా నేను చూడలేదు. నాకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో తెలియలేదు. నన్ను వాళ్ళు చూడకముందే లోపలికి వెళ్ళి దుప్పటి కప్పుకుని పడుకున్నాను. నిద్ర లేచి మొహం కడుక్కుని వచ్చేసరికి అమ్మ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని, "ఆ దిక్కుమాలిన గుంట ఇంకా పూడ్చలేదా?" అంటోంది.

వదినను పక్కకు లాగాను. "నన్నన్ని మాటలు ఎందుకు అననిచ్చావు?"

"చెప్పొద్దని అత్తయ్య మాట తీసుకున్నారు" అంది. "అంత గట్టిగా కాలు పెట్టనని అందరి ముందూ అన్నారు కదా. ఆవిడకు చిన్నతనంగా ఉంటుంది."

"పూల్ పోతే?"

వదిన చేతిలో ఉన్న గుడ్డను పిండింది. అప్పటికే పిండిన గుడ్డ అది.

ఆదివారం మేస్త్రీ టేపు పట్టుకుని వచ్చాడు. అందరం పెరట్లో చేరాం. అమ్మ మాత్రం గుమ్మం దగ్గర కుర్చీలో. నీళ్ళు చాలావరకు తేరుకున్నాయి. కానీ జాలీ ఉందంటే ఉంది, లేదంటే లేదు. మెట్ల వైపు నుంచి పాకిన మసక ఇంకా పోలేదు.

"కనపడుతోంది కదా!" అన్నాను.

"నీకు కనపడుతుంది, ఎక్కడుందో నీకు ముందే తెలుసు కాబట్టి" అన్నాడు అన్నయ్య. "చాలు, ఇంక నా వల్ల కాదు. అమ్మ మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉంది పూడ్చమని. ఏమ్మా, చెప్పు. పూడ్పించెయ్యనా?"

మేస్త్రీ టేపు చివర ఒకటి గట్టుకు ఆనించి అమ్మ వైపు చూశాడు. వదిన నేల చూపులు చూస్తోంది. ఒక్క మాట చెబితే ఆమె పూల్ ఆమెకు దక్కుతుంది. చెప్పదు. చచ్చినా చెప్పదు. నేను నాలుక కరుచుకుని నిలబడ్డాను. నా జన్మలో అంత కష్టమైన పని చేయలేదు.

అమ్మ వదినను చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని, మూలుగుతూ, తనంతట తానే లేచింది.

"ఒరేయ్, ఆ టేపు చుట్టెయ్యమను" అంది. గడప దాటింది. తీగ మీంచి నాన్నగారి చొక్కా లాగి, కట్టుకున్న బట్టల మీదే తొడుక్కుని, మెట్ల వైపు కుంటుకుంటూ నడిచింది.

"అమ్మా! ఎక్కడికే? జారతావు!" అన్నయ్య పరుగెత్తి రెక్క పట్టుకున్నాడు.

అమ్మ ఒక కాలు మెట్టు మీద పెట్టబోయింది. ఇంక నా వల్ల కాలేదు.

"ఆగమ్మా! ఆ నూనె కడుక్కుని దిగు!"

అమ్మ మెల్లగా నా వైపు తిరిగింది. "నూనె సంగతి నీకెలా తెలుసే?"

"ఆ వాసన తెలియకపోతే నేను మందుల షాపులో ఎందుకమ్మా? వారమంతా నా నడుం విరగ్గొట్టింది నువ్వే!"

"అయితే అప్పుడే చెప్పి చావొచ్చు కదే! నీళ్ళు చల్లగా ఉంటాయని దట్టించాను" అని గొణుగుతూ కుళాయి వైపు నడిచింది. వదిన సబ్బు తీసుకుని ఆమె ముందు కూర్చుని మోకాళ్ళు రుద్ది కడిగింది. అన్నయ్యకు ఏమీ అర్థం కావడం లేదు. రెక్క మాత్రం వదల్లేదు. మెట్లు దిగుతూ ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది.

చివరి మెట్టు మీద అమ్మ, "ఇంక వదలరా" అంది.

వదిలాడు. అమ్మ నడిచింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా అటు గోడ దాకా నడిచి, గోడ తాకి, వెనక్కి తిరిగి నడిచింది. వదిన గట్టు మీద నుంచి, "మెడ నిటారుగా, అత్తయ్యా! గాలి వదలండి!" అని అరిచింది. ఇంట్లో అత్తగారి ముందు గొంతెత్తని మనిషి!

"అరవకే, వినపడుతోంది" అంది అమ్మ. నడుస్తూనే ఉంది.

అన్నయ్య నీళ్ళలో మోకాళ్ళ దాకా నిలబడి చూస్తున్నాడు. ఇందాక అమ్మ రెక్క పట్టుకున్న చెయ్యి ఇంకా అలాగే గాల్లో ఉంది. ఆ చెయ్యి దించుకుని మేస్త్రీ వైపు తిరిగాడు.

"మేస్త్రీగారూ, ఆ రెండో వైపు కూడా పట్టుకోవడానికి ఒక కడ్డీ పెట్టాలి. కొలతలు తీసుకోండి."

మేస్త్రీ టేపు మళ్ళీ విప్పాడు. వదిన మొహం తిప్పుకుని, గోడ మీదున్న నూనె సీసా తీసుకెళ్ళి, బయటికొచ్చాక వాడుకునే తువ్వాళ్ళ పక్కన పెట్టింది.